రాష్ట్రానికి పుట్టిల్లు

ఆబ్దికం రోజున మూడు తరాల పేర్లు చెప్పుకోవడం మనకు ఆచారం. తండ్రి, తాత, ముత్తాత. ఆడవాళ్లలో అయితే తల్లి, నాయనమ్మ, ఆ నాయనమ్మ అత్తగారు. అంతవరకే. నాలుగో తరం పేరు మంత్రానికి అక్కర్లేదు కనక మనకూ అక్కర్లేదు. ఆ మూడు పేర్లలో కూడా మూడోది చాలా ఇళ్లలో కర్తగారికి గుర్తుండదు. పురోహితుడు అడగ్గానే ఆయన తల గోక్కుంటాడు. అప్పుడు వంటింట్లోంచి, గారెల పిండి చేత్తోనే, ఇంటి పెద్దావిడ గుమ్మం దగ్గరకొచ్చి పేరందిస్తుంది. ఆవిడకి తన పుట్టింటి ముత్తాత పేరూ తెలుసు, అత్తింటి ముత్తాత పేరూ తెలుసు. చదువు ఏ మాత్రమో గాని, చరిత్ర మాత్రం ఆవిడ దగ్గరే ఉంది.

ఇంటికి పెద్దలున్నట్టే రాష్ట్రానికీ పెద్దలుంటారు కదా! మన రాష్ట్రం ఎక్కడ పుట్టింది, ఎవరి చేతులమీద పెరిగింది, ఎన్నాళ్లు పుట్టింట్లో ఉంది అని పిల్లల్ని అడిగి చూడండి. "హైదరాబాదులో" అంటారు కొందరు. ఇంకాస్త చిన్నవాళ్లయితే "అమరావతిలో" అంటారు. కర్నూలు అని చెప్పేవాళ్లు పదిమందిలో ఒకరుంటే గొప్ప. కర్నూల్లో పుట్టి పెరిగిన పిల్లలు కూడా అంతే సుమా!

ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న కర్నూల్లో పుట్టింది. 1956 అక్టోబరు 31 దాకా అక్కడే ఉంది. మూడేళ్ల ఒక నెల. మర్నాడు, అంటే 1956 నవంబరు 1న, తెలంగాణాతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది, రాజధాని హైదరాబాదుకి తరలిపోయింది. చిన్నతనంలోనే పెళ్లయి అత్తింటికి వెళ్లిపోయిన పిల్ల లాగా, ఆ రాష్ట్రం మళ్లీ పుట్టింటి గడప తొక్కలేదు. అత్తింటి వైభవంలో పుట్టింటి మట్టిగోడలు ఎవరికి గుర్తుంటాయి?

ఆ పుట్టింటి కథ తీరిగ్గా చెప్పుకుందాం.

అసలు ఆ నేలకి పేరే ఆలస్యంగా వచ్చింది. 1800లో నిజాం నవాబు తన సైన్యం ఖర్చులకింద ఈ జిల్లాల్ని ఇంగ్లీషు కంపెనీ వాళ్లకి ఇచ్చేశాడు. ఇచ్చేసిన జిల్లాలు కనక "దత్తమండలాలు" అన్నారు. మన్రో దొర వచ్చి కలెక్టరుగా కూర్చున్నాడు. కర్నూలు మాత్రం ఇంకొన్నాళ్లు నవాబుల చేతిలో ఉండి, 1839లో వాళ్లనించి కూడా కంపెనీ చేతికి పోయింది. దత్తమండలం అంటే ఏమిటి? ఒకరు ఇంకొకరికి ధారపోసిన ముక్క అని. ఎవరో ఎవరికో ఇచ్చేశారని చెప్పే పేరు ఎన్నాళ్లని మోస్తాం అని ఇక్కడివాళ్లకి పౌరుషం వచ్చింది. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావుగారు "రాయలసీమ" అన్న పేరు సూచించారు. రాయలు ఏలిన సీమ! ఒక్క మాటతో బిక్షగాడికి పట్టుబట్ట కట్టినట్టయింది. ఇంత జరిగినా సినిమా పంపిణీదార్లు మాత్రం ఇప్పటికీ ఈ ప్రాంతాన్ని "సీడెడ్" అనే పిలుస్తున్నారు. పోస్టర్లమీద ఆ మాట కనిపించినప్పుడల్లా రెండు వందల ఏళ్లనాటి దానపత్రం గుర్తుకు రావాలి మనకి.

ఇక రాష్ట్రం సంగతి. తెలంగాణా తప్ప తెలుగు జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. ఉద్యోగానికి మద్రాసు, కోర్టుకి మద్రాసు, కాలేజీకి మద్రాసు. మాకు వేరే కాపురం కావాలని 1913లో బాపట్లలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభనాటినించీ తెలుగువాళ్లు అడుగుతూనే ఉన్నారు. అయితే రాయలసీమవాళ్లకి ఒక భయం ఉండేది. సర్కారు జిల్లాలవాళ్లకి కృష్ణా గోదావరుల నీళ్లున్నాయి, డబ్బుంది, ఇంగ్లీషు చదువులున్నాయి. రేపు ఒకే ఇంట్లో కాపురమంటే తోడికోడళ్లలో మనం చిన్నకోడలమై మూల కూర్చోవలసి వస్తుందేమోనని. ఆ భయం వట్టిది అనడానికి లేదు. కరువులు చూసిన ప్రాంతం అది. 1876 నించి 1878 దాకా వచ్చిన ధాత కరువు పేరు చెబితే ఆ పల్లెల్లో పిల్లలు కూడా అన్నం మెతుకు కింద వేసేవాళ్లు కాదు.

అంచేత పెళ్లికి ముందే పెట్టుపోతలు మాట్లాడుకున్నట్టు, 1937 నవంబరు 16న రెండు వైపులా పెద్దలు మద్రాసులో కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. కూర్చున్నది ఎక్కడనుకున్నారు? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారింట్లో. అవునండీ, మన తలనొప్పులకి అమృతాంజనం ఇచ్చిన పంతులుగారే. ఆ ఇంటి పేరు శ్రీబాగ్. అందుకే దాన్ని శ్రీబాగ్ ఒడంబడిక అన్నారు. రాయలసీమ తరపున కడప కోటిరెడ్డిగారు, కల్లూరు సుబ్బారావుగారు మొదలైనవాళ్లున్నారు. అనంతపురంలో ఒక విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలి, తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ల పథకాల్లో పదేళ్లపాటు ముందు ఈ ప్రాంతం అవసరాలు చూడాలి, రాజధానీ హైకోర్టూ వేరువేరు చోట్ల ఉంటే వాటిలో ఏది కావాలో కోరుకునే హక్కు రాయలసీమది. ఇవీ ముఖ్యమైన షరతులు.

ఒప్పందమైతే అయింది గాని, రాష్ట్రం రావడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. ఒక ప్రాణం కూడా పట్టింది. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో బులుసు సాంబమూర్తిగారింట్లో నిరాహారదీక్షకి కూర్చున్నారు. ఒక రోజు ఏకాదశి ఉపవాసానికే మనకి సాయంత్రానికి కళ్లు తిరుగుతాయి. ఆయన 58 రోజులు ఉన్నారు. డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. నాలుగు రోజులకి, డిసెంబరు 19న, నెహ్రూగారు ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. పదకొండు తెలుగు జిల్లాలు, బళ్లారి జిల్లానించి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు. మద్రాసు మాత్రం రాలేదు.

మద్రాసు రాకపోతే రాజధాని ఎక్కడ? విశాఖపట్నం అన్నారు కొందరు, విజయవాడ గుంటూరు అన్నారు కొందరు, తిరుపతి అన్నారు ఇంకొందరు. చివరికి శ్రీబాగ్ కాగితం బయటికి వచ్చింది. రాయలసీమవాళ్లు రాజధాని కోరుకున్నారు. హైకోర్టు గుంటూరుకి, రాజధాని కర్నూలుకి అని తేలింది.

అప్పటి కర్నూలు ఎంత ఊరని? లక్ష జనాభా కూడా లేదు. ఒక పక్క తుంగభద్ర, ఒక పక్క హంద్రి, మధ్య కోటబురుజు, చుట్టూ నాపరాళ్ల మిద్దెలు. ఆ ఊరి పేరు వెనక ఒక ముచ్చట ఉంది. అలంపురం గుళ్లకి రాళ్లు తోలే ఒడ్డెవాళ్లు ఏరు దాటబోయే ముందు ఇక్కడ బండ్లు ఆపి, ఇరుసులకి కందెన పెట్టుకునేవాళ్లట. కందెన పెట్టే చోటు కనక కందెనవోలు, అదే పోను పోను కర్నూలు అయిందని చెబుతారు. రాజుల పేరుమీద వెలిసిన ఊళ్లు బోలెడున్నాయి గాని, బండివాళ్ల చమురు మరకమీద వెలిసిన ఊరు ఇదొక్కటే కాబోలు.

1953 అక్టోబరు 1, గురువారం. నెహ్రూగారు వచ్చి కొత్త రాష్ట్రాన్ని ప్రారంభించారు. చందూలాల్ త్రివేదీగారు గవర్నరు. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారు. ఆయనకి అప్పుడు 81 ఏళ్లు. మనవలతో కాలక్షేపం చేయవలసిన వయసులో ఆయన కొత్త సంసారం మొదలుపెట్టాడు. ఉప ముఖ్యమంత్రి అనంతపురం జిల్లావాడైన నీలం సంజీవరెడ్డిగారు. ఆయనే తరవాత 1977లో రాష్ట్రపతి అయ్యారు.

సంసారమైతే మొదలైంది, ఇల్లేదీ? ఉన్న భవనాలు చాలలేదు. గుడారాలు వేశారు. గుడారాల్లో ఆఫీసులు, గుడారాల్లో ఫైళ్లు. ఉద్యోగుల కోసం ఊరి బయట క్యాంపులు కట్టారు. ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అని వాటికి పేర్లు. రాజధాని పోయింది గాని ఆ పేర్లు పోలేదు. ఈ రోజు కూడా కర్నూల్లో ఆటో ఎక్కి "బీ క్యాంపు" అంటే చాలు, తిన్నగా తీసుకుపోతాడు. ఎందుకా పేరు అని అడిగితే మాత్రం "ఏమో మేడం, అట్లనే అంటారు" అంటాడు.

ఆ మూడేళ్లలో ఏం జరిగిందిలే అనుకోకండి. 1954 జులై 5న గుంటూరులో హైకోర్టు మొదలైంది. అదే ఏడు తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. రాయలసీమ పిల్లలు మద్రాసు పోకుండా చదువుకునే దారి పడింది. బెజవాడలో పాత కృష్ణ ఆనకట్ట తెగితే, కొత్త బారేజీకి ఆ రోజుల్లోనే శంకుస్థాపన జరిగింది. ప్రకాశం బారేజీ అంటున్నాం చూశారూ, అదే. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరుకి నెహ్రూగారు పునాదిరాయి వేశారు. ఈ మధ్యలో 1954 నవంబరులో మద్యనిషేధం గొడవమీద ప్రకాశంగారి ప్రభుత్వం పడిపోయింది. 1955లో ఎన్నికలు జరిగి బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రి అయ్యారు. గుడారాల్లో కూర్చున్న ప్రభుత్వం ఇన్ని పనులు చేసింది!

ఇదంతా పుస్తకాల్లో ఉంది. ఎవరు ఏ రోజు ప్రమాణం చేశారో, ఏ తీర్మానానికి ఎవరు చేయి ఎత్తారో అన్నీ ఉన్నాయి. లేనిదేమిటో చెప్పనా? ఆ ఉద్యోగుల ఇళ్లలోని ఆడవాళ్ల మాట.

ఆలోచించి చూడండి. ఆయనకి కర్నూలు బదిలీ అయింది. మద్రాసులో మైలాపూరులోనో ట్రిప్లికేనులోనో కొళాయి తిప్పితే నీళ్లొచ్చే ఇంట్లో ఉన్న ఇల్లాలు, ఇద్దరు పిల్లల్ని, అత్తగారిని, తిరగలిని, ఆవకాయ జాడీల్ని వెంటపెట్టుకుని కర్నూల్లో రైలు దిగింది. ఎక్కడ దిగింది, ఎక్కడ పొయ్యి పెట్టింది, పిల్లల్ని ఏ బళ్లో వేసింది? జొన్నరొట్టె తట్టడం పక్కింటావిడ దగ్గర ఎన్నాళ్లకి నేర్చుకుంది? ఇక్కడి "అట్లనే", "ఇట్లనే" విని మొదట నవ్వుకుని, ఎప్పటికి తనకీ ఆ యాస అలవాటయింది? మరి కర్నూలు ఇంటావిడ సంగతో? ఉన్న రెండు గదుల్లో ఒకటి అద్దెకిచ్చి, వచ్చినవాళ్లకి మడీ తడీ సర్దుకోవడానికి బావి దగ్గర చోటు చూపించిన ఆవిడ ఏమనుకుంది? మూడేళ్లు తిరక్కుండానే మళ్లీ మూటా ముల్లే సర్దుకుని వాళ్లంతా హైదరాబాదు వెళ్లిపోతుంటే ఆ గదిలో మిగిలినదేమిటి? సంసారాన్ని రెండుసార్లు పీకి రెండుసార్లు నాటింది ఆడవాళ్లే. రాష్ట్రం చరిత్రలో వాళ్లకి ఒక్క పేరా లేదు.

రాయకపోతే చరిత్ర ఉండదా అంటే, కొన్నిసార్లు ఉంటుంది. రేనాటి పల్లెల్లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాట అలాగే బతికింది. కుంఫిణీవాళ్లమీద తిరగబడిన పాళెగాడు ఆయన. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. జనం భయపడాలని తలని కోటగుమ్మానికి వేలాడదీసి 1877 దాకా అలాగే ఉంచారు. ముప్ఫై ఏళ్లు! ఆ ముప్ఫై ఏళ్లలో ఆ గుమ్మం కింద పుట్టిన పిల్లలు పెద్దవాళ్లై పిల్లల్ని కన్నారు. దొరలు భయం కోసం తల వేలాడదీస్తే, జనం దాన్ని చూసి పాట కట్టుకున్నారు. బళ్లో చెప్పలేదు, పుస్తకంలో వేయలేదు. కోలాటాల్లో, తిరునాళ్లలో, భిక్షకి వచ్చే పాటగాళ్ల తంబురామీద నిలబడింది ఆ కథ. సినిమా 2019లో వచ్చింది, 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. అంతకు నూటయాభై ఏళ్లు ముందునించీ ఆ పేరు మోసింది పాటే. అదే ఉయ్యాలవాడలో 1866 కరువులో వేలమందికి గంజి పోసి ప్రాణం నిలిపిన బుడ్డా వెంగళరెడ్డిగారి పేరు కూడా పాటల్లోనే నిలిచింది. విక్టోరియా రాణి ఆయనకి బంగారు పతకం పంపింది. పతకం సంగతి ఎంతమందికి తెలుసో గాని, గంజి సంగతి మాత్రం ఊరూరా తెలుసు.

పాటకి ఎక్కని వాళ్ల మాటేమిటి మరి? ఇరుసులకి కందెన పెట్టుకున్న ఆ ఒడ్డెవాళ్ల పేర్లు ఎవరికి తెలుసు? 1860లలో సుంకేసుల దగ్గర తుంగభద్రకి అడ్డుకట్ట వేసి, కడప దాకా మూడు వందల కిలోమీటర్ల పైన కాలవ తవ్వారు. అదే కర్నూలు కడప కాలవ. పడవలు కూడా నడపాలని ఒక ఇంగ్లీషు కంపెనీ కట్టించింది. లాభం రాక చేతులెత్తేస్తే 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. కంపెనీ పేరు రికార్డుల్లో ఉంది. గడ్డపారతో తవ్వినవాడి పేరు, తట్టతో మట్టి ఎత్తిపోసిన ఆడమనిషి పేరు లేదు. ఆ కాలవ కింద పండిన వరి అన్నం మనం తింటున్నాం.

పల్లె చరిత్ర రాసిపెట్టాలన్న బుద్ధి ముందుగా పుట్టిన ఒకాయన సంగతి చెప్పాలి. మెకంజీ అని కంపెనీ సైన్యంలో ఇంజనీరు, సర్వే చేసే దొర. ఆయనకి తెలుగు రాదు. మన కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముళ్లు లక్ష్మయ్య, రామస్వామి ఆయన తరపున పనిచేశారు. ఊళ్లు తిరిగారు, కరణాల దండకవిలెలు విప్పించారు, పెద్దలచేత చెప్పించి రాయించారు. ఆ రాతల పేరే కైఫీయత్తులు. ఇది ఒకప్పుడు అడివి, ఫలానావాళ్లు వచ్చి అడివి కొట్టి ఊరు కట్టారు, ఫలానావాళ్లు చెరువు తవ్వించారు, ఫలానావారు గుడి ఎత్తారు, ఫలానా కరువులో ఊరు పాడై మళ్లీ ఎక్కింది. ఇలా ఉంటాయి అవి. అంటే మన ఊళ్లకి మొట్టమొదట పొయ్యి రాజేసినవాళ్ల కథలు. బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే పోయాడు. మెకంజీ 1821లో పోయాడు. వాళ్లు రాయించకపోతే, తరవాత రాయించడానికి చెప్పేవాళ్లే మిగిలేవాళ్లు కారు. 1984లో కరణీకాలు రద్దయ్యాయి. అటకలమీది కవిలెకట్టలు ఎన్ని చెదలకి పోయాయో, ఎన్ని పొయ్యిలోకి పోయాయో లెక్కే లేదు.

ఇక కడపకి రండి. 1820లో ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు బ్రౌను ఉద్యోగంమీద అక్కడికి వచ్చాడు. అప్పటికి తెలుగు పుస్తకాలంటే తాటాకు కట్టలే. పురుగు తిన్నది తినగా మిగిలినవి. ఆయన తన జీతం డబ్బుతో పండితుల్ని పెట్టుకుని, కడపలో తోటా బంగళా కొని, తాటాకుల్ని సేకరించి, శుభ్రంగా రాయించి పెట్టాడు. అప్పులు కూడా చేశాడు. మెకంజీ కైఫీయత్తులకి నకళ్లు తీయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు. 1852లో నిఘంటువు వచ్చింది. 1884లో లండనులో పోయాడు. కడపలో ఆయన బంగళా పాడుపడి మొండిగోడలు మిగిలాయి.

ఆ మొండిగోడల్ని చూసి ఊరుకోలేకపోయిన మనిషి జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు. పంతులు ఉద్యోగం, పెద్ద ఆస్తిపాస్తులేం లేవు. బంగోరె వంటివాళ్లు బ్రౌను ఉత్తరాలు వెతికి బయటపెట్టగా, ఆయన ఆ చోటనే బ్రౌను పేరుమీద ఒక గ్రంథాలయం కట్టాలని పట్టుపట్టారు. చేతిసంచీ వేసుకుని ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేశారు. ఏళ్లు పట్టింది. కట్టారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రంగా ఉంది. కడప జిల్లా కైఫీయత్తులు అక్కడినించే పుస్తకాలుగా అచ్చయ్యాయి. అంటే చూడండి, రెండు వందల ఏళ్ల కిందట ఒక కరణం చెప్పింది బొర్రయ్య మనుషులు రాశారు, బ్రౌను నకలు తీయించాడు, హనుమచ్ఛాస్త్రిగారు దానికి ఇల్లు కట్టారు. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె తెగినా మనకి ఏమీ మిగిలేది కాదు. శాస్త్రిగారు 2014లో కాలం చేశారు.

ఈ గొలుసు కథ కడప జిల్లాకి కొత్త కాదు. రాజంపేట దగ్గర తాళ్లపాకలో అన్నమయ్యగారి భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది. తెలుగులో తొలి కవయిత్రి అని చాలామంది ఆవిడనే అంటారు. రాసి అయిదు వందల ఏళ్లయినా ఆవిడ ఒకతె ఉందని లోకానికి తెలియదు. ఆయన కీర్తనల రాగిరేకులు తిరుమల భాండాగారంలో చీకట్లో ఉండిపోయినట్టే, ఆవిడ పేరూ మరుగున ఉండిపోయింది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటి పండితులు పూనుకుని వెలికి తీశాక గాని మనం ఆవిణ్ణి తలుచుకోలేదు. రాగిరేకు అయిదు వందల ఏళ్లు ఓపిక పట్టింది. కాగితం పట్టదు. మనిషి అసలే పట్టదు.

అదీ నా బెంగ. 1953లో కర్నూలు వచ్చిన ఇరవయ్యేళ్ల కొత్తకోడలికి ఇప్పుడు తొంభై దాటాయి. ఆ గుడారాలు చూసిన కళ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. కర్నూల్లో ఉన్నాయి, హైదరాబాదులో కొడుకుల ఇళ్లల్లో ఉన్నాయి, అమెరికాలో కూతుళ్ల ఇళ్లల్లో చలికోటు వేసుకుని కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాయి. ఇంకో పదేళ్లకి ఉండవు.

రాష్ట్రం పుట్టినరోజు ఏదన్న సంగతే మనకి తేలలేదు. చాలా ఏళ్లు నవంబరు 1 చేసుకున్నాం. 2014లో రాష్ట్రం విడిపోయాక జూన్ 2న దీక్షలు చేశాం. 2019లో మళ్లీ నవంబరు 1 అన్నాం. కర్నూలుకి న్యాయ రాజధాని ఇస్తామని 2020లో చట్టం చేసి, 2021లో వెనక్కి తీసుకున్నారు. ఇవన్నీ పెద్దల వ్యవహారాలు, వాళ్లు చూసుకుంటారు. మనం ప్రభుత్వం జీవో కోసం కనిపెట్టుకుని ఉండక్కర్లేని పని ఒకటుంది.

మీ ఇంట్లో తొంభై ఏళ్ల అవ్వ ఉంటే, జేజి ఉంటే, అమ్మమ్మ ఉంటే, ఒక మధ్యాహ్నం సీరియల్ కట్టేసి ఆవిడ దగ్గర కూర్చోండి. "నీకప్పుడెట్లా ఉండేది?" అని ఊరికే అడిగితే "ఏముందమ్మా, బతికినాం" అని ఊరుకుంటారు. చిన్నచిన్న ప్రశ్నలు వేయాలి. నీళ్లెక్కణ్ణించి తెచ్చేవాళ్లు? అద్దె ఎంత? పురుడు ఎవరు పోశారు? సరుకులు ఏ అంగట్లో కొన్నారు? అప్పుడు చూడండి, ఊట బావిలో నీళ్లలాగా ఊరుతుంది. సెల్‌ఫోనులో మాటలు ఎక్కించుకుంటే మంచిదే గాని, అది చాలదు. ఫోను పోతే మాట పోతుంది. నోటుపుస్తకంలో సిరాతో రాయండి, తారీఖు వేయండి. పాత ఫొటోల్లో ఎవరెవరున్నారో వెనకవైపు మెత్తటి పెన్సిలుతో పేర్లు రాయండి, బాల్‌పెన్నుతో వద్దు, ముందువైపుకి గుర్తు తేలుతుంది. పాత ఉత్తరాలకి రబ్బరు బ్యాండు వేయకండి, ఎండకి కరిగి కాగితాన్ని పట్టుకుంటుంది. నూలుతాడు మేలు. పద్దుపుస్తకాలు పారేయకండి. ఏ ఏట బియ్యం ధర ఎంతో, పంతులమ్మ జీతం ఎంతో అందులో ఉన్నంత నిజాయితీగా ఇంకెక్కడా ఉండదు.

ఇంట్లో జాగా లేకపోతే దగ్గరి గ్రంథాలయానికివ్వండి. ఆ గ్రంథాలయాల కోసం ఊరూరా తిరిగిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మన కర్నూలువాడే. 1883లో పుట్టారు. 1908లో పత్రికలో రాసిన రాతకి జైలుకి పోయారు. బయటికొచ్చి, ఊరికొక గ్రంథాలయం ఉండాలి, ఆడవాళ్లు కూడా చదువుకోవాలి అని 1960లో పోయేదాకా చెబుతూనే ఉన్నారు. ఆయన కట్టించిన అలవాటుని వాడుకోవడమే ఆయనకి మనం పెట్టే ఆబ్దికం.

ఇంకొక్క మాట. వంశవృక్షం గీసేటప్పుడు మనవాళ్లు కొమ్మకొమ్మకీ మగపిల్లల పేర్లు రాసి, ఆడపిల్లల్ని వదిలేస్తారు. వేరే ఇంటికి పోయిన పిల్లలట! ఈసారి మీరే గీయండి. అత్తగారి పేరు, ఆవిడ పుట్టింటి ఇంటిపేరు, ఊరు, ఏ ఏట కాపురానికి వచ్చిందో రాయండి. అటు కడప జిల్లానించి వచ్చిందా, ఇటు నంద్యాలనించి వచ్చిందా, మద్రాసునించి గుడారాల కాలంలో వచ్చిందా రాయండి. వచ్చే అక్టోబరు 1న ఆ కాగితం ముందు పెట్టుకుని, పాయసం వండుకుని, ఇంట్లో పిల్లలకి అదేం రోజో చెప్పండి. జేజి అక్కడే ఉంటే మీరు చెప్పక్కర్లేదు. గుడారంలో పొయ్యి ఎట్లా వెలిగించిందో ఆవిణ్ణే చెప్పమనండి.